మంచినీళ్లివ్వని పేజీ

తొలి నవల రాయడం నేర్పుతానని నేను ప్రకటించిన రోజు మా ఆయన ప్రసన్నకుమార్ చేతిలో పేపరు దించకుండానే, "ముందు నీ రెండో నవల ఎవరిచేతైనా చదివించడం నేర్చుకో ఇంద్రాణీ" అన్నారు. ఆ నవల కట్టలు మా దివాన్ కింద ఉన్నాయి. ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురు వాటికి తగులుతూనే ఉంటుంది కాబట్టి మరిచిపోదామన్నా కుదరదు.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. నాకు తెలిసిందేదో నలుగురికీ చెప్పకపోతే నోరు ఊరుకోదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో నా పాత విద్యార్థి ఒకడు కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు మూడో అంతస్తులో ఒక గది ఖాళీగా ఉంటుంది, వాడుకోండి టీచర్ అన్నాడు. ఆ గది బోర్డు మీద ఎప్పుడూ బ్యాంకు పరీక్షల లెక్క ఒకటి మిగిలి ఉండేది. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తుంటాయి, అవి ఎప్పుడు కలుస్తాయో చెప్పాలి. దాన్ని సగం తుడిచి, ఆ జాగాలో నా పాఠం రాసేదాన్ని.

మొదటి వారం పదకొండు మంది వచ్చారు. నాలుగో వారానికి ఒక్కరు మిగిలారు. తప్పు నాదే, దాచను. నాకు కోపం ఎక్కువ. చేతిలో ఎర్ర పెన్ను ఉంటే ఇంకా ఎక్కువ. ఒకతను రాసిన మొదటి పేజీలో సూర్యుడు మూడుసార్లు ఉదయించాడు. మూడూ కొట్టేశాను. అతను మళ్లీ కనిపించలేదు.

ఆ మిగిలిన ఒక్కరూ మణెమ్మ.

మణెమ్మకు అరవై రెండేళ్లు. ఎల్బీనగర్ దగ్గర ఒకప్పటి ఊరివాళ్లు. వాళ్ల పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు, కింద రెండు షట్టర్లు, పైన కిరాయికి ఉండేవాళ్లు. భర్త సత్యనారాయణ పోయి మూడేళ్లయింది. ఏడో తరగతి దాకా చదువుకుంది. ప్రతి ఆదివారం మెట్రోలో వచ్చేది. ఒక చేతిలో గుడ్డలో కట్టిన పొడుగాటి నోటు పుస్తకం, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. డబ్బాలో సర్వపిండో, సకినాలో ఉండేవి. క్లాసు మొదలు కావాలంటే ముందు అది తినాలి.

"ఏం రాద్దామనుకుంటున్నారు?" అని మొదటి రోజు అడిగాను.

"ఇద్దరు యారాండ్ల కత మేడం."

యారాలు అంటే తోడికోడలు. మా బాపట్ల వైపు ఏరాలు అంటారు, అంచేత నాకు వెంటనే తెలిసింది.

"ఎవరు చదవాలని రాస్తున్నారు? అది ముందు తేల్చుకోవాలి."

"ఒక్కలు సదివితె సాలు మేడం. సదువుడు గూడ గాదు. ఆమె ఇంటె సాలు."

కొత్తగా రాసేవాళ్లందరూ ఇలాంటిదేదో అంటారులే అనుకుని ముందుకు వెళ్లిపోయాను. ఎవరామె అని ఆ రోజే అడిగి ఉండాల్సింది. అడగలేదు. బోర్డు మీద మొదటి సూత్రం రాయాలన్న తొందరలో ఉన్నాను. 'మీ కథలోకి ఎవరు వచ్చినా ఏదో కావలసి వస్తారు. ఎందుకొచ్చారో రాసే మీకు తెలిసి తీరాలి.' మణెమ్మ ఆ వాక్యాన్ని పుస్తకం మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో ఎక్కించుకుని, కింద గీత కూడా గీసుకుంది.

రెండో వారం నలభై పేజీలు తెచ్చింది. నేను చదవడం మొదలుపెట్టాను.

'లచ్చయ్య వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు. సరోజ చెంబుల నీళ్లిచ్చింది. తాగిండు. చాయ్ పెట్టింది. తాగిండు. అన్నం తింటవా అన్నది. తినొచ్చిన అన్నడు. జర తిను అన్నది. తిన్నడు.'

ఇక్కడికి పేజీ అయిపోయింది.

"ఈ లచ్చయ్య ఎందుకొచ్చాడండీ?"

"ఎడ్లబండి అడుగుదామని వచ్చిండు మేడం. తిన్నంక అడుగుతడు, ఆగుండ్రి."

నేను ఆగాను. తర్వాతి పేజీలో అడిగాడు. ఆ తర్వాత వడ్రంగి వచ్చాడు, తిన్నాడు. పాలవాడు వచ్చాడు, చాయ్ తాగాడు. దారి తప్పిన మనిషి ఒకడు వచ్చి, దారి తెలుసుకునే ముందు రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. నలభై పేజీలు అయ్యేసరికి ఊళ్లో అందరి కడుపులూ నిండాయి, కథ మాత్రం గడప దాటలేదు. ఎర్ర పెన్ను తీశాను. చెంబులు, చాయ్‌లు, జొన్నరొట్టెలు వరసగా కొట్టేసుకుంటూ వెళ్లాను. మణెమ్మ తినేవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టు చూసింది.

"మరి గాయన ఊకెనే పోయిండా మేడం? నీళ్లు గూడ తాగకుండ?"

"తాగాడనుకోండి. రాయక్కర్లేదు. చదివేవాళ్లకు తెలుస్తుంది."

"ఎట్ల తెలుస్తది? రాయకపోతె ఇయ్యలేదనుకుంటరు."

"అనుకోరండీ!"

"మా దిక్కు అనుకుంటరు," అని నెమ్మదిగా అని, నేను కొట్టేసిన చోట వేలితో ఒకసారి తుడిచి చూసింది.

కానీ నేర్చుకునే మనిషి. అది ఒప్పుకోవాలి. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేట్టు రాయమంటే మరుసటి ఆదివారానికల్లా దిద్ది తెచ్చేది. జరిగినదంతా చెప్పనక్కర్లేదు, జరిగినదాంట్లో ఏది లేకపోతే కథ నిలబడదో అది చెప్పండి అంటే, వారమంతా ఆలోచించి వచ్చి, "నాకు తెలిసింది మేడం, బియ్యంల రాళ్లు ఏరినట్టు" అంది. ఆరో అధ్యాయానికి నవల నిజంగానే నడక అందుకుంది. సరోజ పెద్ద కోడలు. యాదమ్మ చిన్న కోడలు, పద్నాలుగేళ్లకే ఆ ఇంటికి వచ్చింది, రొట్టె తట్టడం కూడా రాదు. సరోజ నేర్పుతుంది. యాదమ్మకు చదువు రాదు. మధ్యాహ్నం మగవాళ్లు పొలం పోయాక సరోజ వారపత్రిక తీసి సీరియల్ పైకి చదువుతుంటే, యాదమ్మ చింతపండులో గింజలు తీస్తూ వింటుంది. సీరియల్లో సుగుణ అనే అమ్మాయికి కష్టం వచ్చినప్పుడల్లా ఈ ఇద్దరూ కొంగులు తడుపుకుంటారు. ఒకసారి సుగుణ కోసం ఏడుస్తూ పొయ్యి మీద పాలు పొంగించేసి అత్తగారి చేత తిట్లు తింటారు.

ఆ పేజీ పక్కన 'చాలా బాగుంది' అని రాశాను. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో తన ఉప్మాకు ఆ మాట ఒక్కసారైనా దక్కలేదని మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు.

ఏడో అధ్యాయం దగ్గర వచ్చింది తంటా.

'ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఎండల యాదమ్మ వచ్చింది. పోయింది.'

అంతే. మరుసటి వాక్యంలో శ్రావణమాసం వచ్చి సరోజ పెద్దకొడుకు పెళ్లయిపోయింది.

నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇన్ని వారాలుగా నేను మొత్తుకుంటున్నదానికి ఇక్కడ చక్కని ఉదాహరణ దొరికింది కదా అనుకున్నాను. వేళాకోళంగానే అన్నాను కానీ, నా గొంతు సంగతి నాకు తెలుసు, స్కూలు చివరి బెంచీ దాకా వినిపించే గొంతు.

"ఏమండీ, దారినపోయే వాడికి కూడా రొట్టెలు పెట్టిన మీ సరోజ, సొంత తోడికోడలికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదేం? అసలు ఆవిడ ఎందుకొచ్చింది? మొదటి సూత్రం మరిచిపోయారా?"

మణెమ్మ నోటు పుస్తకం మూసింది. గుడ్డలో కట్టింది. ముడి మీద ముడి వేసింది. డబ్బా తీసుకుంది. "పోయొస్త మేడం," అని మెట్లు దిగిపోయింది. ఆ రోజు డబ్బా మూత తీయనేలేదు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఖాళీ గదిలో ఎదురెదురుగా వచ్చే రైళ్లను చూస్తూ గంటసేపు కూర్చుని ఇంటికి వచ్చాను.

"ఉన్న ఒక్కర్నీ తరిమేశావా?" అన్నారు మా ఆయన. ఎప్పుడూ నవ్వుతూ అనే మనిషి ఈసారి నవ్వలేదు. "వెళ్లి కనుక్కో. అలిగిందేమో."

అలిగేవాళ్లు ముడి మీద ముడి వేయరు. అది నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్లాను.

నన్ను చూడగానే మణెమ్మ కుర్చీ వేసింది. నీళ్లిచ్చింది. చాయ్ ఇచ్చింది. "నేను మీతో మాట్లాడాలి" అన్నాను. "తిన్నంక మాట్లాడుదాం," అని కంచం పెట్టింది. నోరు మూసుకుని తిన్నాను. ఆమె నవలలో లచ్చయ్య పరిస్థితి నాకు అప్పుడు బాగా అర్థమైంది.

తిన్నాక ఆవిడే మొదలుపెట్టింది.

"సరోజను నేనే మేడం."

"అది నాకు రెండో పేజీలోనే తెలిసింది."

"యాదమ్మ అసలు పేరు ఈరమ్మ. మా ఆయన తమ్ముని భార్య. ఇరువై ఏండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం. ఒక్క పొయ్యి మీద వండినం. నేను వండి పెడితె ఆమె తినేది, ఆమె వండి పెడితె నేను తినేది. భూములకు రేట్లొచ్చినంక అన్నదమ్ములు హద్దుల కాడ కొట్లాడిండ్రు. కోర్టుకు పోయిండ్రు. ఈరమ్మోళ్లు ఇల్లిడిసి పెద్ద అంబర్‌పేట్ పోయిండ్రు. ఒకనాడు, ఎండకాలం, మిట్టమధ్యాహ్నం, ఆమె ఒక్కతే వచ్చింది."

అక్కడ ఆగింది. కొంగుతో బల్ల తుడిచింది. బల్ల మీద ఏమీ లేదు.

"చేతుల సుట్టిన కాయిదాలున్నయి. గింత లావు కట్ట. కోర్టు కాయిదాలనుకున్న. మా ఆయన లేనప్పుడు తెచ్చి నా చేతుల పెడదామని వచ్చిందనుకున్న. తలుపు జరంత తీసి, 'ఆయన ఇంట్ల లేడు' అన్న. గంతె. లోపలికి రా అనలే. కుండల నీళ్లున్నయి మేడం. సల్లటి నీళ్లు. ఇయ్యలే. ఈరమ్మ జర సేపు నిలవడ్డది. పోయింది."

"తర్వాత?"

"తర్వాతేమున్నది? రెండేండ్లకు కేసు రాజీ అయింది. అన్నదమ్ములు పెద్దమనుషుల ముంగట చేతులు కలిపిండ్రు, దావత్ చేసుకున్నరు, మస్తు తాగిండ్రు. మా ఇద్దరిని ఎవలడిగిండ్రు? పెండ్లిళ్లల్ల ఆమె ఒక దిక్కు కూసుంటది, నేనొక దిక్కు కూసుంట. ఇరువై రెండేండ్లాయె. మా ఆయన పోయినప్పుడు గూడ వచ్చింది, ఏడ్సింది, నాతోని మాట్లాడకుండ పోయింది. నా ఇంట్ల నీళ్లు తాగలే."

ఇప్పుడు నాకు మొదటి రోజు మాట గుర్తొచ్చింది. ఆమె ఇంటె సాలు.

"ఎదురుగ నిలవడి మాఫ్ చెయ్ అనే ధైర్యం నాకు లేదు మేడం. కతలంటె చెవి కోసుకుంటది ఈరమ్మ. కత జేసి సదివితె ఇంటది అనుకున్న. గందుకే మీ దగ్గరికొచ్చిన. కని గా పేజీ కాడికి వచ్చేసరికి చెయ్యి ఆడలే."

నేను టీచరును. ఏడుపు వస్తే పాఠం చెప్తాను. "ఆ పేజీయే మీ నవల, మణెమ్మ గారూ. మిగతాదంతా దాని కోసమే ఉంది. అది రాయకపోతే ఈ పుస్తకం లేదు. మళ్లీ కూర్చుని రాయండి."

"రాస్త. కని ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెల్వదు గద? అడుగలే గద నేను? మీరేమో తెలిసి తీరాలె అంటిరి."

"తెలియకపోతే కల్పించండి. నవలంటే అదే."

వారం తిరిగేసరికి మూడు రకాలుగా రాసి తెచ్చింది. ఒకదాంట్లో యాదమ్మ కోర్టు కాగితాలు ఇవ్వడానికి వస్తుంది. ఒకదాంట్లో తిట్టిపోయడానికి వస్తుంది. మూడోదాంట్లో రాజీ చేసుకుందామని బతిమాలడానికి వస్తుంది. మూడోదాన్ని రెండుసార్లు చదివాను. మాటలు అంత బాగా కుదిరాయి. ఎర్ర పెన్ను ఎక్కడా పెట్టలేదు.

"ఇది ఉంచండి. ఇదే సరైనది," అన్నాను.

మణెమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది ఈరమ్మ కాదు మేడం. ఆమె బతిమాలది. తిట్టది గూడ. గా కాయిదాలు ఇచ్చేదైతె తలుపు సందుల కెల్లి ఇసిరేసి పోయేది. నేను రాసిందంత అబద్దమని ఆమెకు ఒక్క ముక్క ఇంటెనే తెలుస్తది."

"చదివేవాళ్లకు తెలియదు."

"సదివేటోళ్లు ఎవలు మేడం? ఆమెనే గద."

డబ్బాలో సకినాలున్నాయి, ఎవరూ ముట్టలేదు.

"అయితే వెళ్లి అడగండి," అన్నాను చివరికి. "ఎందుకొచ్చావని అడగండి. ఇరవై రెండేళ్ల కింద అడగాల్సింది ఇప్పుడు అడగండి."

"తలుపేసుకుంటె?"

"వేసుకుంటే అదే రాద్దాం."

అన్నానే కానీ, పైకి ఎంత కటువుగా ఉందో అప్పుడే తెలిసింది. మణెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీరు గూడ రండి మేడం. నాకు భయమైతుంది."

ఆ ఆదివారం క్లాసు లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కి పెద్ద అంబర్‌పేట్‌లో దిగాం. ఎండ మాడ్చేస్తోంది. విజయవాడ రోడ్డు దాటి లోపలికి పది నిమిషాలు నడవాలి. దారిపొడుగునా మణెమ్మ గుడ్డలో కట్టిన పుస్తకాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నడిచింది.

గేటు తీసే ఉంది. వరండాలో చాప మీద ఈరమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. నవల చదివి నేను ఆవిడను ఎత్తుగా, దర్జాగా ఊహించుకున్నాను. నిజానికి పొట్టిగా, సన్నగా, చిన్నపిల్లలా ఉంది. తలెత్తి మమ్మల్ని చూసింది. గింజ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. రమ్మనలేదు. పొమ్మనలేదు.

నాకు చర్రున కోపం వచ్చింది. ఇంత ఎండలో ఇంత దూరం వచ్చిన మనిషిని లోపలికి రమ్మనడానికేం? అంతలోనే ఎందుకు అనడం లేదో గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

మణెమ్మ గేటు లోపల రెండడుగులు వేసి ఆగిపోయింది. పలకరించలేదు. ముడులు విప్పింది, కళ్లద్దాలు పెట్టుకుంది, ఏడో అధ్యాయం తీసి నిలబడే చదవడం మొదలుపెట్టింది. యాదమ్మ అని రాసిన చోట ఈరమ్మ అంటోంది. సరోజ అని ఉన్న చోట నేను అంటోంది.

"గా దినం మస్తు ఎండ. ఈరమ్మ నెత్తి మీద కొంగేసుకొని వచ్చింది. చేతుల సుట్టిన కాయిదాలుండె. కోర్టు కాయిదాలనుకొని నేను తలుపు జరంతనే తీసిన. ఈరమ్మ పెదవులు ఎండిపోయి ఉండె. కుండల నీళ్లుండె. ఇయ్యలే. తెల్వక కాదు, తెలిసే ఇయ్యలే. ఈరమ్మ పోయినంక కిటికిల కెల్లి మలుపు దాక చూసిన. పిలుద్దామని నోటి దాక వచ్చింది. పిలువలే. గా దినం కెల్లి నా ఇంటికి ఎవలొచ్చినా ముందు నీళ్లిస్తున్న. ఎంతమందికిచ్చినా గా ఒక్క చెంబు లెక్కకు రాలే."

పేజీ తిప్పింది. తర్వాతి పేజీ మీద ఒకే వాక్యం ఉంది.

"ఈరమ్మ ఎందుకు వచ్చిందో నాకు తెల్వదు. అడుగలే."

పుస్తకం మూసి అలాగే నిలబడింది.

"కోర్టు కాయిదాలా?" అంది ఈరమ్మ. "కోర్టు కాయిదాలు పట్టుకొని నేను నీ ఇంటికొస్తనా అక్కా? నీ ఇంటికి?"

లేచింది. లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందని నేను భయపడ్డాను. వేసుకోలేదు. లోపల ఎక్కడో ఇనప పెట్టె మూత తీసిన చప్పుడైంది. చాలాసేపటికి బయటికి వచ్చింది. ఒక చేతిలో చెంబు, ఇంకో చంకలో గట్టిగా చుట్టి తాడు కట్టిన పాత కాగితాల కట్ట.

"తాగు ముందు," అని చెంబు ఇచ్చింది.

మణెమ్మ తాగలేకపోయింది. కట్ట వైపే చూస్తోంది. ఈరమ్మ తాడు విప్పింది. అవి వారపత్రికలు. ఐదు. అట్టలు పసుపుపచ్చగా మారిపోయి, ఇరవై రెండేళ్లు చుట్టి ఉంచడంతో విప్పినా మళ్లీ చుట్టుకుపోతున్నాయి.

"మేం ఇల్లిడిసినంక ఐదు వారాలకు సీరియల్ అయిపోయింది. బొమ్మలు చూసుకుంట కొని దాచిపెట్టిన. సుగుణ అత్తగారిల్లు ఇడిసి బయట పడ్డదాక నువ్వు సదివినవు. తర్వాత ఎటు పోయిందో, బతికిందో సచ్చిందో తెల్వక నాకు నిద్ర పట్టలే అక్కా. మొగోళ్లు కొట్లాడుకుంటె కొట్లాడుకోని, సుగుణ సంగతి నువ్వు సదివి చెప్తవని వచ్చిన."

మణెమ్మ మెట్టు మీద కూలబడింది. "గీ బుక్కుల కోసమా ఈరమ్మా? గింత దానికొచ్చిన దాన్ని నీళ్లియ్యకుండ పంపిన్నా నేను?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీళ్లు తాగి ఏడువు. దూపతోని ఏడిస్తె తలకాయ నొస్తది," అంది ఈరమ్మ. తను కూడా ఏడుస్తూనే అంది.

నా నోరు ఊరుకోదు కదా. "ఇన్నేళ్లలో ఇంకెవరితోనూ చదివించుకోలేదా?" అని అడిగేశాను.

ఈరమ్మ నన్ను అప్పుడే సరిగ్గా చూసింది. "మనుమరాలు సదువుతనన్నది. నేనే వద్దన్న. గిది అక్క గొంతుల ఇనే కత." తర్వాత మణెమ్మ వైపు తిరిగింది. "గీమె ఎవలు?"

"మా మేడం. నవల రాసుడు నేర్పుతది."

"అయ్యో, గేటు కాడనే నిలవెట్టినవా! రా బిడ్డా, లోపలికి రా. కూసో. నీళ్లు తెస్త," అంది. నేను ఆవిడ కంటే నాలుగేళ్లు పెద్దదాన్ని. అయినా ఆ పిలుపు ఎంతో హాయిగా అనిపించింది.

ఆ మధ్యాహ్నం మణెమ్మ ఐదు వారాల సీరియల్ ఏకబిగిన చదివింది. ఈరమ్మ గింజలు తీస్తూ వింది. నేను చాయ్ తాగుతూ విన్నాను. నిజం చెప్పాలంటే ఆ రచన నా చేతికి దొరికితే సగం కొట్టేద్దును. సుగుణ ఊళ్లు పట్టి తిరుగుతుంది, రైలు కింద పడబోతుంది, పడదు, చివరి వారంలో తప్పిపోయిన తండ్రి దొరుకుతాడు, అత్తగారు రెండు పేరాల్లో మారిపోతుంది, శుభం. ఆ ఇద్దరూ మాత్రం రైలు దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నేను పెదవి విప్పలేదు. నా జీవితంలో ఇది చిన్న విషయం కాదు.

అయిపోయాక ఈరమ్మ ఆఖరి పత్రికను తిప్పి వెనక అట్ట కూడా చూసింది.

"గింతేనా?" అంది చివరికి. "గీ సుగుణ కోసమా నేను ఇరువై రెండేండ్లు పరేషానైంది?"

మణెమ్మ నవ్వింది. ఇన్ని ఆదివారాల్లో ఆమె నోరారా నవ్వడం నేను చూడలేదు. ఈరమ్మ కూడా నవ్వుతూ వారపత్రికలను పక్కకు నెట్టి, గుడ్డ మీద ఉన్న నోటు పుస్తకాన్ని ముందుకు జరిపింది.

"నీదే మంచిగున్నది అక్కా. నీది సదువు. మొదటి కెల్లి సదువు."

మణెమ్మ మొదటి పేజీ తీసింది. నేను గీసిన ఎర్ర గీతలు ఈ చివర నుంచి ఆ చివరకు కనిపిస్తున్నాయి. ఆమె వాటిని చూడనట్టే, కొట్టేసిన ప్రతి మాటనూ చదువుకుంటూ పోయింది. లచ్చయ్య వచ్చిండు. కాళ్లు కడుక్కున్నడు. సరోజ చెంబుల నీళ్లిచ్చింది. తాగిండు.

ఈరమ్మ చింతపండు పక్కన పెట్టేసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "ఆఁ, లచ్చన్న! ఎడ్లబండి కోసం వచ్చిండు. తినొచ్చిన అని మస్తు తిన్నడు. గా దినం ఏం కూర పెట్టినమే?"

"రాయలే."

"ఎందుకు రాయలే?"

మణెమ్మ నా వైపు చూసింది. "మేడంకు చాయ్ రాస్తెనే కోపమొస్తది. కూర గూడ రాస్తె క్లాసుల కెల్లి ఎల్లగొడ్తదని రాయలే."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇలా ఎప్పుడైనా చదివేవాళ్లు నా పుస్తకంలోకి వంగి, కూరేమిటని అడిగారా? నేను సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి మణెమ్మ చేతిలో పెట్టాను.

"రాయండి. ఏం కూరో రాయండి."

మణెమ్మ పెన్ను పట్టుకుని ఆలోచించింది. నలభై ఏళ్ల కిందటి మధ్యాహ్నం, ఎంతకీ గుర్తు రాలేదు.

"పుంటికూర," అంది ఈరమ్మ. "వండింది నేనే."